తాళం ఎవరి దగ్గరుంది?

(స్మారకోపన్యాసం - ముద్రిత పాఠం)



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆయన పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. ఆయన బతికున్నంతకాలం ఊళ్లో ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. రిక్షావాళ్ల దగ్గర్నుంచి చైర్మన్ గారి దాకా అందరికీ ఆయన ఓవర్సియర్ గారే. ఈ సాయంత్రం నేనూ అలాగే పిలుస్తాను. వేరేగా పిలిస్తే నాకు మాట సాగదు.

నేను టౌన్‌ప్లానింగ్ సెక్షన్లో చేరిన ఏడాది, మే నెలాఖరులో, ఆయన నన్ను వెంటబెట్టుకుని పాత పేటలన్నీ తిప్పారు. వానలు పడేలోపు శిథిలమైన ఇళ్ల లెక్క తీయాలి. సైకిల్ హ్యాండిల్‌కి తగిలించిన సంచిలో ఆయన దగ్గర మూడే వస్తువులుండేవి: దారానికి కట్టిన ఇనప గుండు, పెన్నుచాకు, పొడుగాటి పుస్తకం. గోడ పక్కన గుండు వేలాడదీసి గోడ ఎంత ఒరిగిందో చూసేవారు. దూలం గోడలో దూరిన చోట చాకు మొనతో గుచ్చేవారు. చెమ్మ పట్టి దూలం మొదట పుచ్చేది అక్కడే. కింద నుంచి చూసినవాళ్లకు దూలం నల్లగా, తిన్నగా, ఏనుగు తొండంలా బలంగా కనిపిస్తుంది. చాకు మాత్రం వెన్నలోకి దిగినట్టు దిగిపోయేది.

ఆఫీసు రిజిస్టర్లో వార్డు, డోర్ నంబరు, అసెస్‌మెంట్ నంబరు, యజమాని పేరు, ఇంటి స్థితి, నోటీసు ఇచ్చిన తేదీ అని గళ్లుండేవి. ఆయన సొంత పుస్తకంలో వాటికి తోడు ఇంకో గడి గీసుకున్నారు. దాని పైన 'తాళం ఎవరి దగ్గరుంది' అని రాసి ఉండేది. ఇదెందుకండీ అని అడిగాను. "పేరు చచ్చిపోయినవాడిదై ఉండొచ్చు. తాళం మాత్రం బతికున్నవాడి దగ్గరే ఉంటుంది కదయ్యా" అన్నారు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. మూడో వానాకాలంలో అర్థమైంది.

మార్కెట్ వెనక వీధిలో ఒక మిద్దె ఇల్లుండేది. సున్నపు గోడలు, టేకు దూలాల మీద ఇటుక పరిచిన మద్రాస్ టెర్రస్ కప్పు, పిట్టగోడ సందులోంచి మొలిచి మెడ ఎత్తు ఎదిగిన రావి మొక్క. దానికి మూడేళ్లలో మూడు నోటీసులు వెళ్లాయి. మూడోది నేనే ఇద్దరు సాక్షులను పిలిచి, మైదా జిగురుతో తలుపుకి అంటించి, పంచనామా రాయించుకుని వచ్చాను. నోటీసులో ఉన్న పేరు గలాయన కాలం చేసి అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఆయనకు నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. భాగాల దావా కోర్టులో నడుస్తోంది. ఎవరి వాటాకి ఏది వస్తుందో తేలనప్పుడు సొంత డబ్బు పెట్టి గోడకు ఆనుడు కట్టేవాడెవడు? ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లవారుజామున పక్కగోడ కూలింది. ఆ గోడనే ఆసరా చేసుకుని రేకుల పందిరి కింద ఇడ్లీలు అమ్ముకునే ఆవిడ అప్పుడు పొయ్యి రాజేస్తోంది.

మర్నాడు పైనుంచి వచ్చినవాళ్లు ఫైలు అడిగారు. నోటీసులున్నాయి, పంచనామాలున్నాయి, సాక్షుల వేలిముద్రలున్నాయి. ఫైలు ప్రకారం ఎవరి తప్పూ లేదు. ఓవర్సియర్ గారు తన పుస్తకం తీసి నాకొక్కడికే చూపించారు. ఆ ఇంటి వరసలో ఆఖరి గడిలో 'తాళం: వీధి చివర కిరాణా కొట్టు' అని ఉంది. రెండో కొడుకు పొరుగూరికి పోతూ అక్కడ ఇచ్చి వెళ్లాడట. తలుపు తీయడానికి మనిషి ఉన్నాడు. నాలుగు సరుగుడు వాసాలు, ఇద్దరు కూలీలు, ఒక పూట పని. ఆ ఏడు వానలకు గోడ నిలబడేది. చట్టంలో దారి లేకపోలేదు. ఆ దారిన నడిచేందుకు ఆఫీసులో పద్దూ లేదు, అలవాటూ లేదు. "కోర్టులో ఉన్న ఆస్తి, మనకెందుకు" అన్న మాట ఒకటే ఉంది. ఆ మాట నేనూ అన్నాను. ఆవిడ ఇద్దరు పిల్లల మొహాలు నాకిప్పటికీ కళ్ల ముందున్నాయి.

నోటీసు ఒక కొస, జేసీబీ ఇంకో కొస. పాడుబడ్డ ఖాళీ ఇంటి విషయంలో మన ఊళ్లకు తెలిసినవి ఈ రెండే. వాటి మధ్య ఏమేం చేయవచ్చో కొన్ని నగరాలు చాలా దెబ్బలు తిని నేర్చుకున్నాయి. ఆ సంగతులు చెప్పడానికే ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నాను.

రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి అమెరికాలోని మేరీలాండ్ వెళ్లాను. వాళ్లుండేది శుభ్రమైన శివారు. అక్కడికి దగ్గర్లోనే బాల్టిమోర్ ఉంది. పాత అలవాటు చావక, మా అల్లుణ్ణి బతిమాలి ఆ ఊరి తూర్పు, పడమర పేటల్లో తిరిగాను. అక్కడి ఇళ్లు మన అగ్రహారం ఇళ్లలా గోడకు గోడ ఆనుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వరసగా ఉంటాయి. రో హౌస్‌లంటారు. సన్నటి ఇల్లు, రెండో మూడో అంతస్తులు, వీధిలోకి దిగే తెల్ల పాలరాతి మెట్లు. వారం వారం ఆ మెట్లు తోమి మెరిపించుకోవడం ఆ ఊరి పాతకాలపు ఆడవాళ్లకు మన వాకిట్లో ముగ్గులాంటిదట. అలా మెరుస్తున్న మెట్ల పక్కనే, కిటికీలకు ప్లైవుడ్ బిగించి, కప్పు లోపలికి కుంగి, మెట్ల సందుల్లో గడ్డి మొలిచిన ఇల్లు. దాని పక్కన మళ్లీ మనుషులున్న ఇల్లు.

రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే, అసలు చిక్కు అక్కడే ఉంది. ఖాళీ ఇంటి కప్పులోంచి దిగిన నీళ్లు ఉమ్మడి గోడలోకి ఎక్కుతాయి. అక్కడి చలికి ఆ చెమ్మ గడ్డకట్టి ఇటుకల సందులు విచ్చుకుంటాయి. ఎలకలూ ఆ గోడ దాటే వస్తాయి, మంటలూ ఆ గోడ దాటే వస్తాయి. పోనీ కూలగొడదామంటే, వరస మధ్యలో ఒక ఇంటిని తీసేయగానే ఇన్నాళ్లూ లోపలి గోడగా ఉన్నది ఒక్కసారిగా వానకూ మంచుకూ బయటపడుతుంది. దాన్ని బయటి గోడగా కట్టలేదు. కొత్తగా పూత వేయాలి, ఆనుడు నిలపాలి. ఒక పన్ను పీకితే పక్క పళ్లు కదిలిపోయినట్టు, ఒక ఇల్లు తీసిన చోట వరసంతా వదులవుతుంది.

ఆ ఇళ్లు ఊరికే ఖాళీ కాలేదు. 1950లో బాల్టిమోర్ జనాభా దాదాపు తొమ్మిదిన్నర లక్షలు. 2020 జనగణన నాటికి 5,85,708. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్దదనిపించుకున్న స్పారోస్ పాయింట్ ఉక్కు కర్మాగారం సన్నగిల్లి సన్నగిల్లి 2012లో మూతపడింది. డబ్బున్న తెల్లవాళ్లు శివార్లకు తరలిపోయారు. నల్లవాళ్లు ఏ వీధిలో ఉండాలో, ఏ వీధిలో ఉండకూడదో చెబుతూ 1910లోనే ఆర్డినెన్స్ చేసిన ఊరు అది. అమెరికాలో అలాంటి చట్టం చేసిన మొదటి నగరం అదే. 1917లో సుప్రీంకోర్టు అలాంటి చట్టాలు చెల్లవంది. 1930ల్లో ప్రభుత్వ పటాలే నల్లవాళ్ల పేటల చుట్టూ ఎర్ర గీత గీసి, ఇక్కడ అప్పివ్వడం ప్రమాదమని చెప్పాయి. అప్పు పుట్టని వీధిలో కప్పు మరమ్మతు జరగదు. ఈ రోజు ఖాళీ ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే చాలావరకు ఆ పాత గీతల లోపలే కనిపిస్తాయి. "వాళ్లే ఇళ్లు పాడు పెట్టుకున్నారు" అనే ముందు ఎవరైనా ఈ చరిత్ర చదవాలి.

2022 జనవరి 24 తెల్లవారుజామున ఆ ఊరి పడమటి పేటలో, స్ట్రికర్ వీధిలో, ఒక ఖాళీ రో హౌస్ అంటుకుంది. ఖాళీ ఇంట్లో తలదాచుకున్నవాళ్లు ఉండవచ్చన్న ఆలోచన అగ్నిమాపక సిబ్బందికి ఎప్పుడూ ఉంటుంది. వాళ్లు లోపలికి వెళ్లారు. ఇల్లు కూలింది. ముగ్గురు చనిపోయారు, వారిలో ఒకరు మహిళ. నాలుగో వ్యక్తి గాయాలతో బయటపడ్డాడు. 2015లో కూడా అదే ఇంట్లో మంటలు రేగి సిబ్బంది గాయపడ్డారు. ఏడేళ్ల పాటు ఆ ఇల్లు అదే స్థితిలో నిలబడి ఉంది. ఆ తర్వాత, అడుగు పెట్టడమే ప్రమాదమైన ఇళ్ల ముందు ఎర్రటి పలక మీద ఎక్స్ గుర్తు బిగించే పద్ధతిని నగరం మళ్లీ చేపట్టింది. ఆ పలకల్ని చూసి నాకు మన తలుపుల మీద అంటించే నోటీసులే గుర్తొచ్చాయి. కాకపోతే ఆ పలక ఒక పని చేస్తుంది. లోపలికి పోబోయేవాణ్ణి ఆపుతుంది. నేను అంటించిన నోటీసు చదవడం కూడా ఇడ్లీలమ్మే ఆవిడకు వచ్చేది కాదు.

ఇప్పుడు ఆ ఊరు చేసిన మంచి పనుల్లోకి వస్తాను. 1970ల్లో బాల్టిమోర్ తన చేతికొచ్చిన పాడుబడ్డ ఇళ్లను ఒక్కో డాలరుకి అమ్మింది. ఒటర్‌బైన్ అనే పేటలో 1975లో వందకు పైగా ఇళ్లను లాటరీ తీసి ఇచ్చారు. డాలరు అన్నది పేరుకే, అసలు ధర షరతుల్లో ఉంది. గడువులోగా ఇల్లు నివాసయోగ్యం చేయాలి, కొన్నవాళ్లే అందులో కాపురముండాలి. దానికి తక్కువ వడ్డీకి నగరమే అప్పు ఇచ్చింది. ఈ కథను డాలరు దగ్గర ఆపేసి చెప్పేవాళ్లు చాలామంది. ఆ అప్పే లేకపోతే డాలరుకి కాదు కదా, ఉత్తినే ఇచ్చినా ఆ ఇళ్లు నిలబడేవి కావు. ఒటర్‌బైన్ ఇప్పుడు ఆ ఊళ్లో ఖరీదైన పేట. కానీ అది రేవుకు దగ్గరున్న పేట, మనుషులు ఉండాలనుకునే చోటు. నగరం చేతిలో అప్పటికే హక్కు ఉన్న ఇళ్లవి. హక్కు ఇంకెవరిదో అయి, ఆ ఇంకెవరో పలకనప్పుడు ఏం చేయాలి?

దానికి వాళ్లు కనిపెట్టిన మార్గం నాకు అన్నిటికంటే నచ్చింది. మన కోర్టుల్లోనూ వినిపించే మాటే, రిసీవర్. ఖాళీ ఇంటికి ముందు నోటీసు వెళ్తుంది. యజమాని కదలకపోతే నగరం కోర్టుకు వెళ్తుంది. యజమానికీ, ఆ ఇంటి మీద అప్పిచ్చినవాళ్లకూ కబురు వెళ్తుంది. బాగు చేయిస్తాను, ఇదిగో డబ్బు, ఇదిగో నా పని ప్రణాళిక అని వాళ్లలో ఎవరైనా ముందుకొస్తే కోర్టు అవకాశమిస్తుంది. ఎవరూ రాకపోతే రిసీవర్ను వేస్తుంది. ఆ రిసీవర్ ఇంటిని వేలం వేస్తాడు. అయితే వేలంలో ఎవరు పడితే వారు పాడకూడదు. బాగు చేయగల డబ్బూ, చేయించిన అనుభవమూ ఉన్నాయని ముందే చూపించినవాళ్లే పాడాలి. కొన్నవాడు గడువులోగా పని పూర్తి చేయాలి. వచ్చిన డబ్బులోంచి ఖర్చులూ బాకీలూ పోగా మిగిలింది పాత యజమానికి చెందుతుంది. అంటే కోర్టు యజమానిని అడిగే ప్రశ్న ఒక్కటే: నువ్వు బాగు చేస్తావా, చేసేవాడికి ఇస్తావా? రెండూ చేయను, తాళం వేసి కూర్చుంటాను అన్న జవాబుకు అక్కడ చోటు లేదు. 2010లో 'వేకెంట్స్ టు వాల్యూ' అన్న పేరుతో నగరం ఈ పద్ధతిని విస్తారంగా వాడడం మొదలుపెట్టింది.

2019లో మేరీలాండ్ శాసనసభ ఇంకో అడుగు వేయనిచ్చింది. పన్ను బకాయిలూ జరిమానాలూ కలిసి ఇంటి విలువనే మించిపోతే, నగరం ఆ ఇంటి మీదే దావా వేయవచ్చు. మనిషి మీద కాదు, ఇంటి మీద. లాయర్లు ఇన్ రెమ్ అంటారు. యజమాని చనిపోయాడా, దేశం విడిచాడా, కంపెనీ పేరు పెట్టుకుని మాయమయ్యాడా అని ఏళ్ల తరబడి వెతకనక్కర్లేదు. తెలిసినవాళ్లందరికీ కబురు పెట్టి, గడువిచ్చి, ఆ తర్వాత హక్కును నగరం పేరిట రాయించుకోవచ్చు. ఈ చట్టం గురించి చదువుతున్నప్పుడు నాకు ఓవర్సియర్ గారి ఆఖరి గడి గుర్తొచ్చింది. పేరు దగ్గర ఆగిపోకుండా ఇంటి దగ్గరికి వెళ్లు అని ఆయన చెప్పింది, వీళ్లు చట్టం చేసింది ఒకటే.

ఇందులో లోటు లేదనను. వేలం పాడేవాడు ఉన్న వీధిలోనే రిసీవర్ పని జరుగుతుంది. వరసలో ఇరవై ఇళ్లుంటే పదిహేను ఖాళీగా ఉన్న వీధిలో ఒక ఇంటిని బాగు చేసుకుని ఎవడుంటాడు? 2010 నాటికి పదహారు వేలున్న ఖాళీ ఇళ్లు పదమూడు వేల చిల్లరకు దిగడానికి పదేళ్ల పైనే పట్టింది. ఒకటి బాగయ్యేలోపు ఇంకోటి ఖాళీ అవుతుంది. 2023 డిసెంబరులో నగరం ఒక ప్రణాళిక ప్రకటించింది. పదిహేనేళ్లు, మూడు వందల కోట్ల డాలర్లు. విడి ఇళ్లుగా కాక వీధి మొత్తాన్ని ఒకేసారి చేపట్టాలన్నది దాని సారాంశం. డెబ్బై ఏళ్ల నిర్లక్ష్యానికి అంత ఖరీదు పడుతుంది.

ఇంకో ప్రమాదం గురించి కూడా చెప్పాలి. ఈ చట్టాలు బీదవాడి ఇంటిని లాక్కునే సాధనాలు కూడా కాగలవు. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో 2008 నుంచి ఇలాంటి చట్టమే ఉంది. అక్కడి ఫిలడెల్ఫియాలో పదివేలకు పైగా ఇళ్లు ఇప్పటికీ చనిపోయినవాళ్ల పేర్ల మీదే ఉన్నాయని 2021లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. అమ్మమ్మ ఇంట్లో మనవరాలు ఉంటుంది. పన్ను కడుతూనే ఉంటుంది. కాగితం మీద మాత్రం ఆమె ఎవరూ కాదు. మరమ్మతుకు అప్పు అడిగితే పుట్టదు, ప్రభుత్వ సాయం అడిగితే నీ పేరేదీ అంటారు. అలా కప్పు కారి కారి ఇల్లు పాడవుతుంది. అప్పుడొచ్చి పాడుబెట్టావు గనుక తీసుకుంటాం అనడం న్యాయం కాదు. అందుకే అక్కడ వారసుల పేరు మార్పిడి ఉచితంగా చేయించి పెట్టే న్యాయవాదులున్నారు. నన్నడిగితే పాడుబడ్డ ఇళ్ల మీద పెట్టే ఖర్చులో మొదటి రూపాయి వెళ్లాల్సింది ఆ పనికే.

ఫిలడెల్ఫియా నుంచి ఒక చిన్న సంగతి. మనం చూస్తే నవ్వి ఊరుకునేంత చిన్నది. మనుషులున్న వీధిలో ఖాళీ ఇల్లుంటే దానికి పనిచేసే తలుపులూ కిటికీలూ ఉండి తీరాలని ఆ నగరం 2011లో నియమం పెట్టి అమలు చేసింది. ప్లైవుడ్ కొట్టడం, సిమెంటు దిమ్మెలు పేర్చడం కుదరదు. లేకపోతే ఒక్కో ద్వారానికి, ఒక్కో కిటికీకి రోజుకు 300 డాలర్ల దాకా జరిమానా. అలా తలుపులూ కిటికీలూ పెట్టించిన ఇళ్ల చుట్టుపక్కల తుపాకీ దాడులు తగ్గాయని పరిశోధకులు తర్వాత తేల్చారు. చెక్క బిగించిన కిటికీ, ఇక్కడ అడిగేవాడు లేడని వీధిలో పోయే ప్రతివాడికీ చెబుతుంది. అద్దం ఉన్న కిటికీ, ఎవరో ఉన్నారని చెబుతుంది. ఆ ఊరే చెత్త దిబ్బలైన ఖాళీ స్థలాలను శుభ్రం చేసి, గడ్డి వేసి, నాలుగు మొక్కలు నాటి, చిన్న కర్ర కంచె కట్టింది. 541 స్థలాల మీద శాస్త్రీయంగా పరీక్ష చేసి చూస్తే, బీద పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి.

జపాన్‌ది వేరే కథ. అక్కడ జాతివివక్ష గీతలు లేవు. ముసలితనం ఉంది. 2023 లెక్కల్లో 90 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి, మొత్తంలో 13.8 శాతం. అకియా అంటారు. అమ్మానాన్నా పోతారు, పిల్లలు టోక్యోలో ఉంటారు, ఊళ్లో ఇల్లు కూలుతూ ఉంటుంది. అయినా ఎందుకు కూలగొట్టరంటే, ఇల్లున్న స్థలానికి పన్ను ఆరో వంతు విలువ మీదే పడుతుంది. ఇల్లు తీసేస్తే ఆ రాయితీ పోతుంది. ప్రమాదకరమైన ఇల్లు నిలబెట్టి ఉంచినందుకు ప్రభుత్వమే బహుమతి ఇచ్చినట్టయింది. 2015లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రమాదకరమని ప్రకటించిన ఇళ్లకు ఆ రాయితీ తీసేసింది. 2023 సవరణతో, ఇంకా కూలే దశకు రాకపోయినా పట్టించుకోకుండా వదిలేసిన ఇళ్లకూ అదే వర్తించింది. 2024 ఏప్రిల్ 1 నుంచి, వారసత్వంగా ఆస్తి వచ్చిందని తెలిసిన మూడేళ్లలోపు పేరు మార్పించుకోవడం తప్పనిసరి చేశారు. లేకపోతే లక్ష యెన్ల దాకా జరిమానా. ప్రపంచంలోకెల్లా క్రమశిక్షణ గల దేశమని మనం చెప్పుకునే చోట కూడా చనిపోయినవాళ్ల పేర్లే అసలు సమస్య అయి కూర్చున్నాయి.

ఇక మన సంగతి. 2011 జనగణన ప్రకారం దేశంలో ఖాళీగా ఉన్న ఇళ్లు దాదాపు 2.47 కోట్లు. అందులో పట్టణాల్లోవే కోటీ పదకొండు లక్షలు. ఇవన్నీ శిథిలాలు కావు. అద్దెకిస్తే ఖాళీ చేయరేమోనని తాళం వేసినవీ, పెట్టుబడికి కొని వదిలేసినవీ వీటిలో ఎక్కువే. కానీ శిథిలమైన ప్రతి ఇల్లూ ఒకనాడు ఊరికే తాళం వేసిన ఇల్లే. హైదరాబాద్ కార్పొరేషన్ 1955 చట్టం 456వ సెక్షన్ కూలేట్టున్న కట్టడాన్ని తీయించమనీ, బాగు చేయించమనీ, ఆనుడు పెట్టించమనీ నోటీసివ్వడానికి కమిషనర్‌కు అధికారమిస్తుంది. విశాఖ, విజయవాడ కార్పొరేషన్లకూ మూలం ఆ చట్టమే. ప్రతి ఏటా వానలకు ముందు సర్వే జరుగుతుంది, జాబితా తయారవుతుంది, నోటీసులు వెళ్తాయి. 2013 జులైలో సికింద్రాబాద్‌లో పాత హోటల్ భవనం కూలి పదిహేను మందికి పైగా చనిపోయినప్పుడు ఆ సర్వేకి కొన్నాళ్లు ఊపు వచ్చింది. అది మనుషులు తిరుగుతున్న భవనం. ఎవరూ అడుగు పెట్టని ఇంటిని ఇక ఎవరు గమనిస్తారు?

ఇంకో మాట. ఇల్లు ఖాళీగా ఉందని చూపించి ఆస్తిపన్నులో తగ్గింపు అడిగే వేకెన్సీ రెమిషన్ పద్ధతి హైదరాబాద్‌లో ఉంటూ వచ్చింది. అద్దె రాని యజమాని మీద దయతో పెట్టిన నియమం అది. దయ మంచిదే. కానీ పక్కింటి మీదికి ఒరుగుతున్న గోడకు కూడా ఆ తగ్గింపు దక్కితే అది జపాన్ చేసిన పొరపాటే అవుతుంది. ప్రమాదకరమని జాబితాలోకెక్కిన ఇంటికి ఏ తగ్గింపూ ఉండకూడదు.

మన పాత పేటల్లో ఖాళీ ఇళ్ల వెనక ఉన్నది చాలావరకు మనకు తెలిసిన కథే. పెద్దాయన పోయాడు. ఒక కొడుకు హైదరాబాద్‌లో, ఒకడు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో. దశదినకర్మలకు వచ్చినప్పుడు ఇంటి మాట ఎత్తడం బాగుండదు. తర్వాత ఫోన్లో ఎత్తితే మాట పెరుగుతుంది. అమ్మేద్దామంటే ఒకరికి నాన్న జ్ఞాపకం, ఒకరికి రేటు చాలదు, ఒకరి సంతకం రావాలంటే అక్కడి కాన్సులేట్లో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపాలి. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. వీళ్లలో నా బంధువులున్నారు, నా స్నేహితుల పిల్లలున్నారు. కానీ ఆ ఇంటి గోడ పక్కన పొయ్యి పెట్టుకున్న మనిషి వాళ్ల వాట్సాప్ గ్రూపులో లేదు.

నేను అడిగేవి పెద్ద పనులు కావు. అమెరికాలో చాలా నగరాలు ఖాళీ ఇంటిని నమోదు చేయించి, నోటీసు అందుకుని జవాబు చెప్పే స్థానిక మనిషి పేరు ఇమ్మంటాయి. నలభై ఏళ్ల కిందట ఓవర్సియర్ గారు సొంత పుస్తకంలో గీసుకున్న గడి అదే. దాన్ని మునిసిపల్ రిజిస్టర్లోకి ఎక్కించమంటున్నాను. గోడకు తక్షణం ఆనుడు కట్టడానికి ప్రతి మునిసిపాలిటీలో విడిగా ఒక పద్దు ఉండాలి. ఖర్చు ఆ ఇంటి పన్నుకు కలిపి రాసుకోవచ్చు, ఆస్తి ఎటూ పోదు. భాగాల దావా నడుస్తున్న ఇల్లు కూలేట్టుంటే, కోర్టే రిసీవర్ను వేసి మరమ్మతు చేయించేలా, కాదంటే అమ్మించి డబ్బు కోర్టులో జమ చేయించేలా మునిసిపాలిటీ అడగాలి. అన్నదమ్ములు ఆ డబ్బు మీద ఎన్నేళ్లయినా వాదించుకోవచ్చు. డబ్బు ఎవరి మీదా కూలదు. అలాగే, జాబితాలో ఉన్న ప్రతి ఇల్లూ కూలగొట్టాల్సిందేనని అనుకోవద్దు. సున్నంతో కట్టిన గోడలు మన సిమెంటు గోడలకంటే ఓర్పు గలవి. కప్పు మీద నీరు నిలవకుండా చూసి, రావి మొక్కను వేరుతో సహా తీయిస్తే ఇంకో తరం నిలబడే ఇళ్లు ఈ ఊళ్లోనే ఎన్నో ఉన్నాయి. రావి మొక్కను పీకడానికి మనవాళ్లకు చేతులు రావు, దేవతా వృక్షమని. పూజ చేసి, కుండీలోకి మార్చి, గుడి దగ్గర నాటండి. ఓవర్సియర్ గారు అలా నాటించిన చెట్లు రెండు శివాలయం వెనక ఇప్పటికీ ఉన్నాయి.

ఆయన పుస్తకాన్ని వారి అబ్బాయి గారు నాకు చూపించారు. చెదలు పట్టకుండా దాచినందుకు వారికి దణ్ణం పెడుతున్నాను. అందులో నూట పన్నెండు ఇళ్లున్నాయి. నిన్నా మొన్నా నేనూ ఇద్దరు కుర్రాళ్లూ తిరిగి చూశాం. డెబ్బై ఆరు ఇళ్ల చోట అపార్ట్‌మెంట్లో దుకాణాలో వచ్చాయి. పంతొమ్మిదింట్లో మనుషులున్నారు. పదిహేడు ఇళ్లు ఇంకా తాళం వేసే ఉన్నాయి. వాటిలో ఆరిళ్ల గోడల పక్కన బడ్డీలో, టీ కొట్లో, సైకిల్ షాపులో ఉన్నాయి. ఆ ఆరింటి డోర్ నంబర్లూ, తాళాలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని రాసిన కాగితమూ కమిషనర్ గారి ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ఈ సభలో ఉన్నవాళ్లను నేను కోరేది ఒక్కటే. మీ పుట్టిల్లో, మీ తాతగారి ఇల్లో ఎక్కడైనా తాళం వేసి ఉంటే, అది ఎవరి పేరున ఉందో ఈ వారంలోనే కనుక్కోండి. పేరు మార్పించండి. తాళం ఎవరి దగ్గరుందో పక్కింటివాళ్లకు చెప్పండి. వానలకు ఇంకా మూడు వారాలే ఉంది.